ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా వేయించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి,

నమస్కారం. దూరదర్శన్‌లో ఒక సినిమా వేయించమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రసార భారతి స్వతంత్ర సంస్థ, మాకేం సంబంధం అంటారేమో. మీ మాట వాళ్ల చెవికెక్కదని మాత్రం అనకండి, నేను నమ్మను.

సినిమా పేరు ‘గుడ్ నైట్ అండ్ గుడ్ లక్’. 2005లో జార్జ్ క్లూనీ తీశాడు. బ్లాక్ అండ్ వైట్, గంటన్నర. దాదాపు అంతా సీబీఎస్ అనే అమెరికన్ టీవీ సంస్థ ఆఫీసులోనే, సిగరెట్ పొగలో నడుస్తుంది.

1950లో మెకార్తీ అనే అమెరికన్ సెనేటర్, ప్రభుత్వంలో కమ్యూనిస్టులు దూరారు, జాబితా నా చేతిలో ఉందంటూ మొదలుపెట్టాడు. ఆ భయం ఏళ్ల తరబడి దేశాన్ని పట్టుకుంది. సినిమాలో ఆయన వేషం ఎవరూ వెయ్యలేదు. పాత ఫిల్ములో దొరికిన అసలు మనిషినే చూపించారు.

ఆ రోజుల్లోనే వైమానిక దళం రిజర్వ్‌లో మిలో రాడులోవిచ్ అనే లెఫ్టినెంట్ ఉద్యోగం మీదికి వచ్చింది. తన తప్పేమీ లేదు. తండ్రి మీద, తోబుట్టువు మీద అనుమానం. తండ్రి సెర్బియన్ పత్రిక చదివేవాడట! విచారణలో ఆరోపణలన్నీ సీలు వేసిన కవర్లో ఉన్నాయి. అతనికి గానీ, లాయర్‌కి గానీ చూపించలేదు. 1953 అక్టోబరులో సీబీఎస్ విలేకరి ఎడ్వర్డ్ ముర్రో ఆ సంగతి టీవీలో పెట్టాడు. మరుసటి నెలలో రాడులోవిచ్ ఉద్యోగం నిలిచింది.

తర్వాత 1954 మార్చి 9న నేరుగా మెకార్తీ మీదే ప్రోగ్రాం. దాని గురించి పేపర్లో ప్రకటనకు సంస్థ డబ్బివ్వకపోతే ముర్రో, నిర్మాత ఫ్రెండ్లీ సొంత జేబులోంచి 1,500 డాలర్లు పెట్టుకున్నారు. సినిమాలో ఫ్రెండ్లీ కెమెరాకి కనపడకుండా ముర్రో కాళ్ల దగ్గర కూర్చుంటాడు. టైమవగానే పెన్సిల్‌తో కాలి మీద తడతాడు. అంతే, ముర్రో మొదలుపెడతాడు. నాకైతే ఆ ఒక్క తట్టు కోసం సినిమా మళ్లీ చూడాలనిపిస్తుంది.

ఇక మన కవర్ సంగతి. 2022 జనవరి 31న మీ శాఖ మలయాళ ఛానెల్ మీడియా వన్‌కి అనుమతి తీసేసింది. దేశ భద్రత అన్నారు. ఎలాగో చెప్పమంటే సీల్డ్ కవర్ కోర్టుకిచ్చారు, ఛానెల్‌కి చూపలేదు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తే వ్యవస్థకు వ్యతిరేకమైనట్టు కాదని చెప్పింది. అప్పుడు ఆ కుర్చీలో మీరు లేరు, నిజమే. కవర్లు పంపే అలవాటు మాత్రం శాఖదే కదా. అది మానమని కిందివాళ్లకు ఒక సర్క్యులర్ పంపగలరా?

సినిమాలో గెలిచాక కూడా ముర్రో ప్రోగ్రాంని యజమాని ఆదివారం మధ్యాహ్నానికి నెట్టేస్తాడు. మాకు ఆ టైమే చాలు. ఒకప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నాలే అర్థంకాని భాషల అవార్డు సినిమాలు కళ్లప్పగించి చూసేవాళ్లం. సప్తగిరిలో, యాదగిరిలో తెలుగు సబ్‌టైటిల్స్‌తో వేయించండి. తేదీ ముందుగా చెబితే భోజనాలు త్వరగా కానిచ్చేస్తాం.

ఇట్లు,
ఒక పాత దూరదర్శన్ ప్రేక్షకుడు