బెట్టింగ్‌లో మునిగినవాడు భయం లేకుండా ఫిర్యాదు చేయగలగాలి: హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

హోంమంత్రి అనిత గారికి నమస్కారం.

విజయవాడ ఆటోనగర్ నుంచి రాస్తున్నాను, ఇక్కడ స్పేర్ పార్ట్స్ షాపు నడుపుకుంటూ బతుకుతున్నాను. అడగాల్సింది ముందే అడిగేస్తాను. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదం ఆడించినవాడితో పాటు ఆడినవాడికీ జైలుశిక్ష ఉంది. ఆడినవాడి మీద ఉన్న ఆ శిక్షను తీసేయించండి.

1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలను అందులోకి తెచ్చారు. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్లు, ఆడేవాళ్లకు 6 నెలలు అని అప్పుడే ప్రకటించారు. నిషేధం మంచిదే, దాన్ని సడలించమని ఎవరూ అడగట్లేదు. 1968లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంది, ఆ మాట పట్టుకుని యాప్‌ల వాళ్లు ఏళ్ల తరబడి జనాన్ని ఆడించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ వాదనకే చోటు లేకుండా చేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టించి ఆడిస్తే 3 ఏళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, ప్రకటనలు ఇస్తే 2 ఏళ్లు, 50 లక్షలు. అంత గట్టి చట్టం కూడా ఆడినవాడి జోలికి వెళ్లలేదు, వాణ్ణి మోసపోయినవాడిగానే చూసింది. మన చట్టం మాత్రం వాణ్ణీ బుకీనీ ఒకే గాటన కట్టింది.

దీనివల్ల ఏమవుతోందో చెప్తాను. మా పక్క షెడ్డులో ఒక కుర్రాడు ఐపీఎల్ టైమ్‌లో ఎవరో ఇచ్చిన ఐడీతో బెట్టింగ్ మొదలుపెట్టాడు. మొదట్లో చిన్న చిన్న మొత్తాలు చకచకా విత్‌డ్రా అయ్యాయి, తర్వాత పోయినదాన్ని రాబట్టుకుందామని ఇంకా ఇంకా పెట్టాడు, జీతం అయిపోయాక లోన్ యాప్‌లు, అవీ అయిపోయాక రోజువారీ వడ్డీ. ఇప్పుడు వసూలుకి వచ్చేవాళ్లు ఇంటి ముందు నిలబడి అరుస్తున్నారు. స్టేషన్‌కి వెళ్దాం పదమ్మా అని వాళ్లమ్మతో అంటే, "వెళ్తే ముందు మావాణ్ణే లోపలేస్తారంట బాబూ" అంది. ఆవిడకి ఆ మాట చెప్పింది ఆ వడ్డీ మనిషే. 2015 డిసెంబరులో కాల్‌మనీ వ్యవహారం, అంటే అడ్డగోలు వడ్డీలకి అప్పులిచ్చి బెదిరించి వసూలు చేసే దందా, బయటపడి రాష్ట్రం మొత్తం అట్టుడికిన ఊరు మాది, అప్పు ఇచ్చినవాడు భయాన్ని ఎలా వాడుకుంటాడో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. వాడి చేతికి ఇంకో బెదిరింపు మన చట్టమే ఇవ్వడం అన్యాయం అండీ.

ఆశపడినవాడిదే తప్పు అనేవాళ్లు ఉంటారు. అంకెల మీద డబ్బు కట్టే మట్కా జూదం లెక్క ఒకసారి చూడండి. సింగిల్ నంబర్ అంటే 0 నుంచి 9 దాకా పదిలో ఒకటి, తగిలితే మామూలుగా రూపాయికి 9 ఇస్తారు. పది అంకెల మీదా తలా 100 కడితే 1,000 పోసి 900 తెచ్చుకోవడమే. గెలిచినవాడు ఆ డబ్బు మళ్లీ అందులోనే పెడతాడు కాబట్టి ఆ పది శాతం కోత ఒక్కసారితో ఆగదు, డబ్బు తిరిగిన ప్రతిసారీ పడుతుంది. ఆడించేవాడికి అదృష్టంతో పనేలేదు. లెక్క అంతా తెలిసి ఆడించినవాడికీ తెలియక మునిగినవాడికీ తేడా ఉండొద్దా?

ఇంకో సంగతి. ఖజానా కోసం కేరళలాగా మనమూ లాటరీ పెడదాం అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినొద్దు. కేరళలో 1967 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది, దాని మీద బతికేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, అది వాళ్ల సంగతి. 1998 నాటి కేంద్ర లాటరీల చట్టం వేరే రాష్ట్రాల టికెట్లను ఆపే వీలు మనకిచ్చింది, కానీ సొంతంగా లాటరీ నడిపే రాష్ట్రానికి ఆ వీలు ఉండదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం ఒక టికెట్ అచ్చు వేసిన రోజే మిగతా రాష్ట్రాల టికెట్లన్నిటికీ తలుపు తీసినట్టే.

బెట్టింగ్, జూదం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో 34వ అంశం, కాబట్టి మన చట్టాన్ని మనమే మార్చుకోవచ్చు. సవరణ తెచ్చి ఆడినవాడి మీద శిక్ష ఎత్తేయండి. ఫిర్యాదు ఇచ్చినవాడి దగ్గర బుకీ ఐడీ, డబ్బు వెళ్లిన ఖాతా నంబర్లు, యూపీఐ వివరాలు అన్నీ ఉంటాయి, పెద్దవాళ్లను పట్టుకోవడానికి పోలీసులకి అంతకంటే మంచి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? సైబర్ మోసాలకు 1930, మానసిక సాయానికి 14416 నంబర్లు ఉన్నాయి, వాటిని ప్రతి స్టేషన్ గోడ మీదా, సింగ్ నగర్ నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా జనం తిరిగే ప్రతిచోటా రాయించండి. పెద్దాసుపత్రుల్లో వారానికి ఒక పూట సైకియాట్రీ ఓపీ ఈ వ్యసనం కోసమే పెట్టించండి.

బిల్లుకి టైమ్ పడుతుందంటే, ఈలోగా బెట్టింగ్ అప్పుల గురించి ఫిర్యాదుకు వచ్చినవాళ్ల మీద ఆడినందుకు కేసు పెట్టొద్దని ఒక సర్క్యులర్ ఇప్పించండి. వచ్చే ఐపీఎల్ మొదలయ్యేలోపే అది స్టేషన్లకు చేరాలి.

ఇట్లు,
ఆటోనగర్ షాపు యజమాని ఒకరు, విజయవాడ