సున్నా రూపాయల వోచరు: మన గ్రంథాలయం కంప్యూటర్ల జమాఖర్చుల వివరణ

(2025 ఆగస్టు 1 నుంచి 2026 జనవరి 31 వరకు)

సంక్రాంతి మరునాడు రామాలయం అరుగు మీద ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగారు: "ఉచితంగా దొరికేది పెడుతున్నామన్నారు కదా, మరి నలభై వేలు దాటి ఎందుకు ఖర్చయిందయ్యా?" అడిగింది ఆయన ఒక్కరే. పక్కన కూర్చున్న నలుగురూ మాత్రం జవాబు కోసం నా ముఖంలోకే చూశారు. ఆయన అడిగింది మన గ్రంథాలయం కంప్యూటర్లలో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థ పెట్టిన సంగతి. అందుకే ఈసారి లెక్క కాగితం నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోకుండా వివరంగా రాస్తున్నాను.

ముందు జమ.

గత సంవత్సరం నిల్వ: 6,340
ఇంటింటి చందా, 142 ఇళ్లు: 31,700
1998–99 పదో తరగతి పూర్వ విద్యార్థులు: 15,000
డాలస్‌లో ఉంటున్న మన ఊరివారు ఇద్దరు, చెరి పదివేలు: 20,000
వినాయక చవితి కమిటీ ఇచ్చిన మిగులు: 4,210
పాత మానిటర్లు, పాడైన బ్యాటరీలు అమ్మగా: 1,150
బ్యాంకు వడ్డీ: 286
మొత్తం జమ: 78,686 రూపాయలు.

డాలస్ డబ్బు గురించి ఒక మాట. నిజానికి అక్కడి నుంచి ముగ్గురు ఇస్తామన్నారు. మూడో ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. విదేశీ విరాళాల చట్టం ప్రకారం, మన ఊళ్లో పుట్టినా సరే, ఆయన విదేశీ దాత కిందికే వస్తారు. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని మన కమిటీ ఆయన దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. ఆయన నొచ్చుకున్నారు. మాకూ బాధగానే ఉంది కానీ, డబ్బు వద్దనే చెప్పాం.

ఇక అసలు సంగతి. మన ఏడు కంప్యూటర్లూ 2014లో వచ్చినవి. వాటిలో విండోస్ 10 నడిచేది. దానికి కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే అంత పాత ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. కొత్తవి ఏడు కొనడానికి తెచ్చిన కొటేషన్ 2,66,000. ఆ కాగితం చూశాక ఆగస్టు సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మరో నిజం కూడా ఇక్కడే ఒప్పుకోవాలి: ఇన్నాళ్లూ మనం వాడిన ఆఫీసు ప్రోగ్రాం డబ్బు పెట్టి కొన్నది కాదు, ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసినది. దొంగ సొత్తు మీద కూర్చుని పిల్లలకు పోటీ పరీక్షల నీతిశాస్త్రం పేపరు చదివించాం.

అప్పుడు లినక్స్ మాట వచ్చింది. మన ఊరి ఆడపడుచు కూతురు కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. ఆ అమ్మాయి లినక్స్‌లో ఒక రకమైన, సుమారు 3 జీబీ ఉన్న లినక్స్ మింట్ 22.2 ఫైలు దించి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెచ్చింది. ఏమీ తుడిచేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపించింది. తెర వెలిగింది, ఇంటర్నెట్ వచ్చింది, తెలుగు పేపరు అక్షరాలు విరగకుండా కనిపించాయి. మింట్ అంటే పుదీనా అని ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో అవి పుదీనా కంప్యూటర్లే.

ఈ పద్దుకే 11వ నంబరు వోచరు ఉంది. మన లెక్కలు తనిఖీ చేసిన విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి, గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ కాగితం ఉండాల్సిందేనన్నారు. ధర లేదంటే, లేదనే రాయమన్నారు. కాబట్టి "లినక్స్ మింట్, ఆరు కంప్యూటర్లకు, ఉచిత ఆఫీసు ప్రోగ్రాం లిబ్రేఆఫీస్ సహా, రూ. 0" అని రాసి, అధ్యక్షుడు, నేను సంతకాలు చేశాం. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో సున్నా మీద సంతకాలు చూడటం ఇదే మొదటిసారని ఆయన నవ్వారు.

డబ్బు పోయింది సామానుకూ గదికీ. పాత హార్డ్ డిస్కుల బదులు పెట్టే వేగమైన ఎస్ఎస్‌డీలు ఆరు, ఒక్కోటి 1,650 చొప్పున 9,900. ఐదింటికి 4 జీబీ ర్యామ్ అదనంగా, 650 చొప్పున 3,250. ఇదివరకు పొద్దున స్విచ్ వేసి, టీ తాగి వచ్చినా తెర తిరుగుతూనే ఉండేది. ఇప్పుడు అర నిమిషంలో సిద్ధం. ఆ ఘనతలో పెద్ద వాటా ఎస్ఎస్‌డీలదే. పాత హార్డ్ డిస్కు మీదే పుదీనా వేసి ఉంటే ఇంత తేడా తెలిసేది కాదు. లినక్స్ వేయగానే పాత డబ్బా పరుగెడుతుందని ఎవరైనా చెబితే సగమే నమ్మండి.

ర్యామ్ విషయంలో 1,400 నష్టం వచ్చింది. అది పూర్తిగా నా తప్పు. మన యంత్రాలకు కావలసింది డీడీఆర్3 రకం ర్యామ్. మొదటిసారి నేను ఒక్కోటి 1,400 పెట్టి రెండు డీడీఆర్4 కార్డులు తెచ్చాను. కింద గాటు ఉండే చోటు వేరు, ఎంత నొక్కినా దిగదు. దుకాణదారు సగం ధరకే తిరిగి తీసుకున్నాడు. నష్టాన్ని నా జేబులోంచి కడతానన్నాను. కమిటీ వద్దని లెక్కలో చూపించమంది, చూపిస్తున్నాను.

యూపీఎస్ బ్యాటరీలు ఆరు, 5,400. వైరింగు, స్విచ్ బోర్డులు, కొత్త ఎర్తింగు 7,860. వానాకాలంలో కీబోర్డు ముట్టుకుంటే జివ్వుమంటోందని పిల్లలు రెండేళ్లుగా చెబుతున్నారు. కంప్యూటర్లు మార్చినా మార్చకపోయినా ఈ ఖర్చు తప్పేది కాదు. పాత ఫైళ్లన్నీ భద్రపరచడానికి బయట పెట్టుకునే 1 టీబీ డిస్కు 4,600, పెన్‌డ్రైవ్‌లు రెండు 760, కీబోర్డు మీద అంటించే తెలుగు అక్షరాల స్టిక్కర్లు 360. ఇంటర్నెట్ ఆరు నెలలకు 4,242. రసీదు పుస్తకాలు, బ్యానరు 1,150. మూడు ఆదివారాలు వచ్చి నేర్పిన అమ్మాయికి రానుపోను ఖర్చులతో కలిపి 4,500. ఆ మూడు రోజుల టీలు, టిఫిన్లు 2,140. టిఫిన్ల పద్దు ఎక్కువైందని కోశాధికారిగా నా అభిప్రాయం. మినిట్స్‌లో కూడా రాయించాను.

మొత్తం ఖర్చు 45,562. నిల్వ 33,124. అందులో బ్యాంకులో 31,800, చేతిలో 1,324.

వాడకం ఎలా ఉందని అడిగేవారి కోసం నాలుగు మాటలు. దరఖాస్తులు, హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ పనులు అన్నీ జరుగుతున్నాయి. బ్రౌజర్ ఎక్కడైనా బ్రౌజరే. పిల్లలు ఒక్క పూటలో అలవాటు పడ్డారు. మొదటి వారం గొడవ చేసింది సాయంత్రం పేకాట ఆడుకునే పెద్దలే. స్పైడర్ ఆట లేదని మా మీద మండిపడ్డారు. అది కూడా సున్నా రూపాయలకే దొరికింది, వేశాం, శాంతించారు.

జిరాక్సు దుకాణాల నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌లు మీకు తెలిసినవే: తెరిస్తే ఫోల్డర్లు మాయమై, వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు మిగులుతాయి. డిగ్రీ చదివే ఒక కుర్రాడు ప్రాజెక్టు రిపోర్టు పోయిందని ఏడుపు ముఖంతో వచ్చాడు. పుదీనాలో పెట్టగానే షార్ట్‌కట్‌ల పక్కనే అసలు ఫోల్డర్లు కూడా కనిపించాయి. వైరస్ వాటిని దాచిందే కానీ చెరపలేదు, ఆ దాపరికం ఇక్కడ చెల్లలేదు. ఆ వారంలోనే ఇంకో పదకొండు పెన్‌డ్రైవ్‌లు మా బల్ల మీదికి వచ్చాయి.

కష్టమంతా తెలుగు టైపులో వచ్చింది. దేవస్థానం కరపత్రాలు టైపు చేసే మాస్టారి వేళ్లు పాతికేళ్లుగా అను అనే తెలుగు ఫాంట్లలోని యాపిల్ అనే కీబోర్డు అమరికకు అలవాటు పడ్డాయి. స్టిక్కర్లు చూసి, ఈ వయసులో మళ్లీ ఓనమాలా అని లేచి వెళ్లిపోయారు. తర్వాత తెలిసింది, లినక్స్‌లోనూ యాపిల్ పేరుతో ఒక తెలుగు అమరిక ఉందని. వారం పోయాక ఆయన్ను బతిమాలి కూర్చోబెట్టాం. "శ్రీరామ" అని కొట్టారు, వచ్చింది. "క్ష్మ" కొట్టి చూశారు, అదీ వచ్చింది. ఇంకేమీ అనకుండా కరపత్రం మొదలుపెట్టారు. అంటే 360 రూపాయల స్టిక్కర్లు ఆయనకు అక్కరలేదు, మిగతావారు వాడుతున్నారు. మెనూల్లో ఫైలుకు బదులు "దస్త్రం" అని కనిపిస్తే పిల్లలు నవ్వారు. కరణం గారి మనవడు మాత్రం, మా తాతగారి కాలం మాట కంప్యూటర్‌లోకి వచ్చిందని మురిసిపోయారు.

పాత నోటీసులు తెరిస్తే ఇంగ్లిష్‌వి సరిగ్గానే ఉన్నాయి, తెలుగువి చెదిరాయి. ఇంగ్లిష్ ఫాంటు టైమ్స్ న్యూ రోమన్‌కు అదే వెడల్పు అక్షరాలతో చేసిన లిబరేషన్ సెరిఫ్ అనే ఉచిత ఫాంటు ఉంది, విండోస్ తెలుగు ఫాంటు గౌతమికి అలాంటి తోడు లేదు. ఒక పేజీ ధ్రువపత్రంలో అధ్యక్షుడి సంతకం రెండో పేజీలోకి జారింది. ఇప్పుడు కొత్తవన్నీ ఉచితంగా దొరికే మండలి, రామభద్ర ఫాంట్లలో చేస్తున్నాం.

అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో చేసిన పాత సంచికలు మాత్రం ఇక్కడ సరిగ్గా తెరుచుకోవు. మన పాత ప్రింటర్‌ను కూడా మూడు రోజులు కుస్తీపట్టి వదిలేశాం. అందుకే ఏడో కంప్యూటర్‌ను మార్చకుండా, ఇంటర్నెట్ తీసేసి, ఆ రెండు పనులకే ఉంచాం. ప్రింటు కావాలంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని కిటికీ పక్క బల్ల దాకా నడవాలి. ఇది లోపమే. కొత్త ప్రింటర్‌కు 14,500 అవుతుందట. నిల్వలోంచి కొనాలా, ఆ డబ్బు వచ్చే ఏడాది ఇంటర్నెట్‌కు, కరెంటు బిల్లుకు ఉంచాలా అన్నది ఫిబ్రవరి సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి. నా ఓటు కరెంటు బిల్లుకు. మింట్ తయారుచేసేవారు ఎక్కువగా విరాళాల మీద ఆధారపడతారు కనుక ఏటా వెయ్యి పంపాలన్న ప్రతిపాదన కూడా అదే రోజు చర్చకు వస్తుంది.

వోచర్లు 1 నుంచి 27 వరకు, సున్నా రూపాయలదానితో సహా, ప్రతి ఆదివారం ఉదయం 9 నుంచి 12 వరకు గ్రంథాలయం బల్ల మీద ఉంటాయి. రసీదు పుస్తకం 3లో 41వ రసీదు మీద టీ ఒలికి రద్దయింది. దాని రెండు ప్రతులూ పుస్తకంలోనే ఉన్నాయి, చూసుకోవచ్చు.

కోశాధికారి, గ్రంథాలయ కమిటీ