పొగ కూడా రాని లారీ

సంపాదకులకు నమస్కారం.

కొనుగోలు కేంద్రాల్లో వడ్లు కాంటా అయినా లారీలు రాక బస్తాలు అక్కడే ఉంటున్నాయని మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తను నేను మెకానిక్ షెడ్డులో చదివాను. నా లారీ ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు విప్పి, వాల్వులు వరసగా పెట్టడానికి కింద పరిచిన పేపరు అదే. ఆ రాని లారీల్లో నాదీ ఒకటి. ఎందుకు రాలేదో రాస్తున్నాను, వీలైతే వేయండి.

మాది తిప్పర్తి దగ్గర ఊరు. బండి 2003 మోడల్, ఆరు టైర్లు, ఆరు సిలిండర్లు. సెన్సార్లు, కంప్యూటర్లు లేని పాత ఇంజిన్. దాని డీజిల్ పంపును మేము ఇప్పటికీ మైకో పంపు అనే అంటాం, ఆ కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారినా సరే. ఓనర్‌నీ నేనే, డ్రైవర్‌నీ నేనే. సీజన్‌లో మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలుతాను.

కోతలకు ముందు నీళ్లు మరగడం మొదలైంది. రేడియేటర్ మూత తీస్తే బుడగలు. హెడ్డు కింద సందు మూసే షీటు, హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్డు దించి, లేత్‌లో దాని ముఖం చదునుగా ఫేసింగ్ కొట్టించి, కొత్త గ్యాస్కెట్ వేసి, పనిలో పనిగా డీజిల్ ఫిల్టర్లు మార్చి నాలుగు రోజుల్లో బిగించారు. ఆ పనికి వంక పెట్టను. కానీ తాళం తిప్పితే స్టార్ట్ చేసే మోటారు, అదే సెల్ఫ్, గిరగిరా తిప్పుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు.

"సెల్ఫ్ వీకున్నదన్నా" అన్నాడు మేస్త్రీ.

"మంచిగనే తిరుగుతున్నది గద తమ్మీ?"

"ఇంకింత స్పీడ్ తిరగాలె."

సెల్ఫ్ దించి బుష్‌లు, కార్బన్లు మార్పించాడు. 3,800 అయింది. రెండు బ్యాటరీలూ చార్జింగ్‌కు పోయాయి. మర్నాడు ట్రాక్టర్‌కు కట్టి రోడ్డు మీద గుంజించారు. గేరులో వేసి క్లచ్చి వదిలితే వెనక చక్రాలు ఈడ్చుకుపోయాయి తప్ప ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. తర్వాత ఎవరో కుర్రాడు ఇంజిన్ అందుకోవడానికి కొట్టే స్ప్రే డబ్బా తెచ్చి గాలి పైపులో కొట్టాడు. ఇంజిన్ ఢబఢబమని రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. నా గుండె కూడా ఆగినంత పనైంది. కొత్తగా కట్టిన ఇంజిన్‌లో ఆ స్ప్రే కొడితే రింగులు విరగడానికి ఎంతసేపు? మూడో రోజు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లన్నీ విప్పుతామన్నారు. నేను వద్దని, నల్లగొండలో పంపులు కట్టే ఒక చాచాను బైక్ మీద ఎక్కించుకొచ్చాను. డెబ్బై ఏళ్లుంటాయి.

ఆయన బానెట్ వైపు పోలేదు. సైలెన్సర్ దగ్గర నిలబడి సెల్ఫ్ కొట్టమన్నాడు. పది సెకన్లు కొట్టగానే చాలన్నాడు. మేము అప్పటిదాకా నిమిషం నిమిషం కొట్టి సెల్ఫ్ వైరు మీద చెయ్యి పెట్టలేనంతగా కాల్చాం.

"పొగ వచ్చిందా బేటా?"

రాలేదు. మూడు రోజుల్లో ఒక్కరం కూడా అటు చూడలేదు.

"పొగ లేదంటే డీజిల్ లోపటికి పోతలేదు. స్ప్రేకు దెబ్బ కొట్టిందంటే సిలిండర్ల గాలి నొక్కుడు, కంప్రెషన్ ఉంది. ఇంక హెడ్డు జోలికి పోకండి. పని చేసేటప్పుడు ఏమేమి ఇప్పారు?"

ఇంజిన్ ఆపే స్టాప్ కేబుల్ లోపలికి పూర్తిగా పోయిందా అని ముందు పంపు మీది లివర్ వేలితో కదిపి చూశాడు. అది బాగుంది. ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి హ్యాండ్ పంపు కొట్టమన్నాడు. నురుగు. పొద్దున్నే దించిన కల్లు కుండలో లాంటి నురుగు. ఫిల్టర్ మార్చాక గాలి ఉండటం మామూలే, కొంతసేపు కొడితే పోయి నిండు డీజిల్ రావాలి. నేను వంద దాకా లెక్కపెట్టాను. నురుగు ఆగలేదు.

అప్పుడు ఆయన చేసిన పని చూసి షెడ్డులో అందరం చుట్టూ చేరాం. ఐదు లీటర్ల క్యాన్లో డీజిల్ పోయించి క్యాబిన్ మీద పెట్టించాడు. తాపీ మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపు ముక్క తెప్పించి, ట్యాంకు నుంచి వచ్చే పైపును విప్పేసి, క్యాన్లోంచి నేరుగా, ట్యాంకు డీజిల్ పీల్చే ఫీడ్ పంపుకు ఇచ్చాడు. ముప్పై దెబ్బలకు నురుగు పోయింది. నాజిల్ పైపుల నట్లు రెండు వదులు చేసి సెల్ఫ్ కొడితే డీజిల్ చిమ్మింది. బిగించి కొడితే రెండో సుట్టుకే బండి అందుకుంది. తెల్లటి పొగ ఒక్కసారి కక్కి సర్దుకుంది.

అంటే జబ్బు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉంది. పైపు చివరి బోల్టుకు పాత రాగి వాషరే మళ్లీ వేశారు. దాని ముఖం మీద గోరుతో గీసినంత గీత. అక్కడ డీజిల్ బొట్టు కూడా కారదు, ఎందుకంటే అది పంపు పీల్చుకునే వైపు. బయటికి కారేది ఉండదు, గాలే లోపలికి పోతుంది. బయట పొడిగా, శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొత్త వాషర్ ఒక చాయ్ డబ్బులు కూడా కాదు. అది దొరక్కపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే రాగి మెత్తబడి మళ్లీ పట్టుకుంటుందట.

సెల్ఫ్ డబ్బుల సంగతి అడిగితే మేస్త్రీ, "పాతది గదన్నా, ఎప్పటికైనా చేపిచ్చేదే" అన్నాడు. అబద్ధం కాదు. కానీ అది నా వడ్ల కిరాయి రాని వారంలో చేయించే పని కాదు.

పోయేటప్పుడు దారిలో చాచా ఇంకో సంగతి చెప్పాడు. తెల్ల పొగ దండిగా వస్తూ స్టార్ట్ కాకపోతే డీజిల్ పోతోంది, సమయానికి మండటం లేదని అర్థం. పంపు దించి ఎక్కించిన బండైతే ముందు డీజిల్ చిమ్మే సమయం, టైమింగే చూడాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి గుర్తులు కలిసినా స్ట్రోకు తప్పి, మండాల్సిన చుట్టులో కాక రెండో చుట్టులో డీజిల్ పడే వీలుంది. ఒకటో సిలిండర్ వాల్వులను నొక్కే టాపెట్లు రెండూ వదులుగా ఉన్నాయో లేదో చేత్తో కదిపి చూస్తే తేలిపోతుంది. మిర్యాలగూడ బండి ఒకదానికి ఈ తప్పుకే నాజిళ్లన్నీ మార్చారట.

నా కోరిక ఒక్కటే. మీరు రైతుల కోసం పేజీ వేస్తారు, వరికి ఏ తెగులుకు ఏ మందో రాస్తారు. లారీకి ఏ పొగకు ఏ జబ్బో తెలుగులో రాసేవాళ్లు లేరు. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చెప్పే సార్లున్నారు, చాచా లాంటి పంపు మనుషులున్నారు. వారానికోసారి పావు పేజీ వాళ్లతో రాయించండి. యాసంగి వడ్లు కేంద్రాలకు రాకముందే మొదలుపెడితే మంచిది. మెకానిక్‌లు పేపర్ ఎక్కడ చదువుతారని అనుకోవద్దు. వాల్వులు తుడిచి పరిచేది మీ పేపరు మీదే.

ఇట్లు,
ఒక లారీ ఓనర్ కమ్ డ్రైవర్,
తిప్పర్తి మండలం, నల్లగొండ జిల్లా
(షెడ్డుతో మళ్లీ పని పడుతుంది, పేరు వేయవద్దని మనవి)