ఆకులు ఎండిన కర్క్యుమా కుండీని పారేయకండి

దీపావళి దాటిందంటే మా నర్సరీకి ఫోన్లు మొదలవుతాయి: "మీ దగ్గర కొన్న చెట్టు చచ్చిపోయింది." ఈ ఏడూ అంతే. చాలావరకు అవి చావలేదు. పూల కోసం పెంచే ఈ కర్క్యుమా పసుపుకు అక్కచెల్లెలు. పొద్దు కురచయ్యేకొద్దీ ఆకు పండి, ఎండి, మట్టిలో గడ్డ ఒక్కటే మిగులుతుంది. అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పకపోవడం మా తప్పు. ఇకనుంచి ప్రతి కుండీకి చీటీ కట్టి ఇస్తాం.

ఆకులు సగం పసుపుబారగానే నీళ్ళు తగ్గించండి, పూర్తిగా ఎండాక ఆపేయండి. అయ్యో ఎండిపోయిందే అని పోసే చెంబెడు నీళ్ళే గడ్డను కుళ్ళబెడతాయి. కుండీని వాన, ఎండ తగలని మూలన పెట్టి మే చివరిదాకా దాని జోలికి పోకండి. గడ్డ తవ్వి దాచుకునేవాళ్ళు, కింద చిన్న ముల్లంగుల్లా వేలాడే ఊరిన వేర్లను విరగ్గొట్టొద్దు. మొలకకు తొలి తిండి వాటిలోనే ఉంటుంది. అవి తెగిన గడ్డ మొలుస్తుంది గానీ పువ్వు ఆలస్యమవుతుంది, చిన్నదవుతుంది.

మిరుగు నాటికి, అంటే జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తెకు, మళ్ళీ నాటాలి. లీటరు నీళ్ళకు 3 గ్రాముల మాంకోజెబ్ (బూజు తెగుళ్ళ మందు) కలిపి గడ్డల్ని అరగంట నానబెట్టి నీడన ఆరబెట్టండి. పదంగుళాల కుండీకి మూడు గడ్డలు, కన్ను పైకి, రెండంగుళాల లోతు. ఎర్ర చెలక మట్టి రెండు పాళ్ళు. మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, దొడ్డు ఇసుక ఒక్కో పాలు. రేగడి మట్టి వద్దే వద్దు, నీరు నిలిచి దుంపకుళ్ళు వస్తుంది. పొద్దున రెండు మూడు గంటల ఎండ పడే తూర్పు కిటికీ ఉంటేనే ఇంట్లో పెట్టండి. లేకపోతే కాడలు సాగి వాలిపోతాయి, పువ్వు రాదు. అన్నీ కుదిరితే మూడు నెలలకు అటూ ఇటుగా పూత మొదలై, బతుకమ్మ నాటికి కుండీ కళకళలాడుతుంది.

ఇక నీళ్ళు. నల్లగొండ బోర్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, కుండీలను ముందు దెబ్బతీసేది ఉప్పు, సున్నం. ఆకు కొసలు కాలినట్టయితే ఉప్పు ఎక్కువైనట్టు. లేత ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో తెల్లబారితే ఇనుము అందనట్టు: లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకులపై కొట్టండి. వాన నీళ్ళు పట్టుకోండి, కాకుంటే మిషన్ భగీరథ నల్లా నీళ్ళు. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు మాత్రం పోయొద్దు. వృథా కాకూడదని చాలామంది వాటినే పోస్తున్నారు, ఆ ఉప్పంతా కుండీలోనే మిగులుతుంది.

ఎర్ర పూగుత్తులు పూసే అల్లం జాతి మొక్క రెడ్ జింజర్ సంగతి వేరు. అది నిద్రపోదు, కర్క్యుమాతో పాటు దానికీ నీళ్ళు ఆపితే నిజంగానే చస్తుంది. ఆరడుగులు పెరుగుతుంది, కాబట్టి ఇండోర్ మొక్క అని అమ్మడం మానేశాం. పెద్ద తొట్టి, వేసవిలో 50 శాతం గ్రీన్ నెట్ ఉన్నవాళ్ళే తీసుకోండి. పూసిన కాడ మళ్ళీ పూయదు, మొదటికి కోసేయండి. అదే జాతి పూల మొక్క టార్చ్ జింజర్ అయితే ఇక తెప్పించం. రోహిణి కార్తె వడగాలికి అది ఇక్కడ నిలవదు.

పూలు కోసేవాళ్ళకు: పొద్దున్నే, కాడలు నీళ్ళు తాగి ఉన్నప్పుడే కోయండి. రెడ్ జింజర్ ఎర్ర రేకలు మూడొంతుల్లో రెండొంతులు విచ్చాక కోయాలి. మొగ్గలా కోస్తే వాజులో విచ్చుకోదు. పూగుత్తిని పది నిమిషాలు నీళ్ళలో ముంచి తీయండి, రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చి కాడ అడుగున అంగుళం కత్తిరించండి. ఫ్రిజ్‌లో పెడితే ఆ చలికి నల్లబడతాయి.

ఫోన్ చేసే ముందు గడ్డను నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే. మెత్తబడి వాసనొస్తే కుళ్ళింది; కుండీ పట్టుకురండి, జూన్‌లో వేరే గడ్డ ఇస్తాం. ఆ మట్టిలో మాత్రం మళ్ళీ అల్లం, పసుపు జాతివేవీ నాటొద్దు.