144 పెట్టారంటే చాలదు, ఉత్తర్వులో ఏముందో రాయండి

ఎడిటర్ గారికి,

యూనివర్సిటీల్లో ఆందోళన మొదలైతే చాలు, మరుసటి రోజు పేపర్లలో "క్యాంపస్‌లో 144 సెక్షన్" అని ఒక్క ముక్క వస్తుంది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎన్నాళ్లు ఉంటుంది అన్నది ఉండదు. దాంతో చదివినవాళ్లు ఇక అక్కడ ఎవరూ నోరెత్తకూడదని అనుకుంటున్నారు. విద్యార్థుల్లోనూ చాలామందిది అదే అభిప్రాయం. చట్టం అలా లేదు.

గుమికూడటం వంటివాటిని నిషేధించడానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న 144 స్థానంలో, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షన్ వచ్చింది. అంకె మారినా అధికారానికి ఉన్న హద్దులు మాత్రం అవే. ఉత్తర్వు ఇవ్వాల్సింది కలెక్టర్, ఆర్డీవో లేదా ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల పోలీసు కమిషనర్‌కు ఆ అధికారం ఉంది. సీఐ గేటు దగ్గర నిలబడి నోటితో చెప్తే అది 163 కాదు. ఉత్తర్వు రాతలో ఉండాలి, ఏ వాస్తవాలను బట్టి ఇస్తున్నారో అందులోనే చెప్పాలి. గడువు రెండు నెలలకు మించకూడదు. ఆపైన పొడిగించాలంటే రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇవ్వాలి, అదీ గరిష్ఠంగా మరో ఆరు నెలలే.

అసలు చిక్కు కారణాల దగ్గరే వస్తుంది. "శాంతిభద్రతలకు భంగం కలిగే అవకాశం ఉందని విశ్వసనీయ సమాచారం" అని ఒక వాక్యం రాసి, కింద సంతకం పెట్టేస్తారు. ఏ సమాచారం, ఏ సంఘటన, ఏ తేదీ అన్నది ఉండదు. గడువు ముగిసే రోజున అదే ఉత్తర్వుకు తేదీ మార్చి మళ్లీ ఇస్తారు. ఈ రెండు పద్ధతులూ చెల్లవని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న, కశ్మీర్‌లో ఆంక్షలపై వచ్చిన అనురాధా భసీన్ కేసులో చెప్పింది. న్యాయబద్ధమైన అభిప్రాయాన్ని, ఫిర్యాదును అణచడానికి ఈ సెక్షన్ వాడకూడదనీ, ఉత్తర్వును ప్రజలకు తెలిసేలా ప్రచురించాలనీ, మళ్లీ మళ్లీ అదే ఉత్తర్వు ఇవ్వడం అధికార దుర్వినియోగమనీ అందులో ఉంది. అలాగని కోర్టులు అన్నిటికీ ఊ కొట్టలేదు. రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం కుదరదని అదే ఏడాది అక్టోబరు 7న, ఢిల్లీలో పౌరసత్వ చట్టంపై జరిగిన నిరసన గురించిన షహీన్‌బాగ్ తీర్పులో సుప్రీంకోర్టే స్పష్టంగా చెప్పింది.

యూనివర్సిటీ సర్క్యులర్ సంగతి వేరు. 2025 మార్చిలో ఉస్మానియాలో కాలేజీలు, విభాగాలు, పరిపాలనా భవనాల్లో ధర్నాలు, నినాదాలు నిషేధిస్తూ ఒకటి ఇచ్చారు. రిజిస్ట్రార్‌కు మేజిస్ట్రేట్ అధికారం లేదు. ఆయన సర్క్యులర్‌ను దాటితే క్రమశిక్షణ చర్య ఉండొచ్చు, అదీ నోటీసు ఇచ్చి, సంజాయిషీ విన్న తర్వాతే. అంతమాత్రాన అది నేరం అయిపోదు. ఈ తేడా తెలియకనే షోకాజ్ నోటీసుకు భయపడి పిల్లలు హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోతున్నారు.

ఇక వ్యాన్ ఎక్కించిన తర్వాతి మాట. ముందస్తుగా అదుపులోకి తీసుకుంటే నాగరిక సురక్షా సంహిత 170వ సెక్షన్ కింద 24 గంటలకు మించి ఉంచకూడదు, వేరే కేసు ఏదైనా ఉంటే తప్ప. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివాళ్లకో స్నేహితులకో తెలియజేయాలి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడపిల్లలను అరెస్టు చేయడానికి వీల్లేదు. అసాధారణ పరిస్థితి ఉంటేనే, మహిళా పోలీసు అధికారి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా తీసుకుని చేయాలి. నిషేధాజ్ఞ ఉల్లంఘనకు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 223 కింద కేసు పెడతారు. పోలీసుల ఛార్జిషీటు ఒక్కదాని మీద ఆ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోకూడదు. ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరో ప్రభుత్వోద్యోగి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని నాగరిక సురక్షా సంహిత 215వ సెక్షన్ అంటోంది. ఉత్తర్వు ఉన్నట్టు నిందితుడికి తెలుసని కూడా రుజువు కావాలి. ఇది చూసుకోకుండా ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతూ, పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటున్న పిల్లలున్నారు.

ఉత్తర్వును సవాలు చేయడానికి నేరుగా హైకోర్టుకే పోనక్కర్లేదు. నష్టపోయినవాళ్లు ఎవరైనా ఆ మేజిస్ట్రేట్‌కే రద్దు చేయమనో మార్చమనో దరఖాస్తు పెట్టొచ్చు. ఆయన త్వరగా వినాలి, తిరస్కరిస్తే కారణాలు రాయాలి. ఆ కారణాల కాగితమే తర్వాత హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు పనికొస్తుంది.

"చదువుకోవడానికి వచ్చినవాళ్లకు ధర్నాలెందుకు" అనే మాట ఇళ్లల్లో ఎక్కువగా వినిపిస్తుంది. విశాఖ ఉక్కు కోసం 1966లో, తెలంగాణ కోసం 1969లో విద్యార్థులు రోడ్డెక్కిన సంగతి ఆ మాట అన్నవాళ్లకూ తెలుసు. 2025లో క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే అడ్డుకున్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) విద్యార్థులను వ్యాన్లలో ఎక్కించారు, కేసులు పెట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. చివరికి ఆ కేసులు ఉపసంహరించుకోవాలని ప్రభుత్వమే ఆదేశించింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి ఉంది. ఆంక్ష సరైనదా కాదా అన్న మన అభిప్రాయం ఏ పార్టీ అధికారంలో ఉందన్నదాన్ని బట్టి మారిపోతోంది. హైదరాబాద్‌లో నిరసనలకు కేటాయించిన ధర్నా చౌక్ మూసినప్పుడు (2017) ఒక వర్గం, ఆంధ్రప్రదేశ్‌లో రోడ్లపై సభలను కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 వచ్చినప్పుడు (2023 జనవరి) ఇంకో వర్గం, ఉస్మానియా సర్క్యులర్ అప్పుడు మరో వర్గం మాట్లాడాయి. జీవో 1ను హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టేసింది. ఆ జీవోకు ముందు కందుకూరు, గుంటూరు సభల తొక్కిసలాటల్లో ప్రాణాలు పోయిన మాట నిజమే. అయినా భద్రత పేరుతో ఎంతవరకు ఆపొచ్చన్నది ఎవరు పాలిస్తున్నా ఒకే కొలతతో చూడాలి.

అందుకే మీకు ఈ విన్నపం. నిషేధాజ్ఞ వార్త వేసినప్పుడల్లా ఉత్తర్వు నంబరు, ఇచ్చిన అధికారి హోదా, అందులో రాసిన కారణం, ఏ ప్రాంతానికి వర్తిస్తుంది, ఏ రోజు ముగుస్తుంది అన్నవి వేయండి. ఇంతకుముందు అదే చోట ఉత్తర్వు ఉంటే అదీ చెప్పండి. విలేకరి అడిగినా కాపీ ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న సంగతినే వార్తలో రాయండి.

– ఒక న్యాయవాది, హైదరాబాద్