మేడమ్‌కి, గుమాస్తా గారికి

లా ఫర్మ్‌లో అసోసియేట్‌గా చేరి ఈ వారంతో మూడేళ్లు నిండాయి. ఇద్దరికి చెప్పాల్సిన థాంక్స్ అలాగే ఉండిపోయింది. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు.

మా ఇంట్లో లాయర్లెవరూ లేరు. బీకాం, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, అడ్వకేట్‌గా ఎన్‌రోల్‌మెంట్, ఆలిండియా బార్ పరీక్ష, ఏడాదిపాటు ఒక సీనియర్ దగ్గర వాయిదాలు రాసుకోవడం. ఫర్మ్‌లోకి వచ్చింది ఆ తర్వాతే. ఐదేళ్ల కోర్సు చదివి వచ్చినవాళ్ల మధ్య నా టెన్షనంతా ఇంగ్లిష్ గురించే. ముంచబోయింది మాత్రం లెక్క.

నాలుగో నెలలో ఒక కమర్షియల్ (వ్యాపార వివాదం) దావాలో రిటన్ స్టేట్‌మెంట్, అంటే ప్రతివాది కోర్టుకిచ్చే రాతపూర్వక జవాబు, గడువు చూసే పని నాకిచ్చారు. సమన్లు అందాక 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 120 దాకా. అది దాటితే కోర్టు కూడా గడువు పెంచలేదు. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం తెచ్చిన మార్పు ఇది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కానీ రోజులు లెక్కపెట్టింది ఫైలు మా ఆఫీసుకొచ్చిన తేదీ నుంచి!

మా టీమ్ చూసే సీనియర్ మేడమ్ నా చార్టు చూసి ఒక్కటే అడిగారు: "సమన్లు ఏ రోజు అందాయో కవరు చూశావా?" చూడలేదు. క్లయింట్ కాగితాలు ఆలస్యంగా ఇవ్వడంతో 30 రోజులు ఎప్పుడో దాటాయి. ఇంకా 28 ఉన్నాయనుకున్నచోట మిగిలింది తొమ్మిదే.

గట్టిగానే తిట్టారు, తలుపేసి. పార్ట్‌నర్‌తో మాత్రం "మా టీమ్‌లో లెక్క తప్పింది, సరిచేస్తున్నాం" అన్నారు. ఆ "మా" అన్న మాట నేను మర్చిపోలేదు. తర్వాత మూడు రాత్రులు పక్కన కూర్చుని పేరా పేరాకీ జవాబు రాయించారు. ఉత్తగా "కాదు" అంటే చాలదు, ఎందుకు కాదో, అసలు జరిగిందేమిటో కూడా రాయాలి. పుస్తకంలో చదివినప్పుడు ఇది ఒక్క లైను. రాయడానికి కూర్చుంటే ఒక్కో పేరాకి గంట పట్టింది.

డ్రాఫ్ట్ అయిపోయిందని నేను సంబరపడుతుంటే గుమాస్తా గారు అడిగారు, "స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్ మీద సంతకం పెట్టేవారు ఊళ్లో ఉన్నారా?" జవాబులో రాసినవి నిజమేనని క్లయింట్ తరఫున ఇచ్చే ప్రమాణపత్రం అది. వాళ్లు ఊళ్లో లేరు. ఆయనే రాత్రి రైలెక్కి వెళ్లి, నోటరీతో సహా చేయించుకొచ్చారు. ఆలస్యానికి కారణాలు చెబుతూ పిటిషన్ జతచేసి 117వ రోజున ఫైల్ చేశాం.

మేడమ్, థాంక్స్. గుమాస్తా గారూ, ఆ రైలు టికెట్ డబ్బులు మీరు ఇంకా తీసుకోలేదు. సోమవారం తెస్తున్నాను.