ప్లాస్మా యంత్రం పెట్టాల్సింది కూడలిలో కాదు

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన 'ప్లాస్మాతో గాలిశుద్ధి' వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఏడురోడ్ల కూడలి లాంటి చోట్ల యంత్రాలు నిలబెడితే శ్రీకాకుళం గాలి బాగుపడుతుందని ఓ అధికారి చెప్పారట. ఉద్యోగమంతా రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, రాయక తప్పడం లేదు.

పద్ధతి మంచిదే. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గాజు లాంటి అడ్డు పెట్టి వేల వోల్టుల విద్యుత్తు ఇస్తే, గాలి పెద్దగా వేడెక్కకుండానే ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుంటాయి; ఆ స్థితిలో ఉన్న గాలినే ప్లాస్మా అంటారు. అవి ఆక్సిజన్‌ను, నీటి ఆవిరిని పగలగొడితే పుట్టే చురుకైన కణాలు టోలుయీన్ లాంటి సాల్వెంట్ల (వేరే పదార్థాలను కరిగించే ద్రవాల) ఆవిర్లను విరిచేస్తాయి. 1857లో జర్మన్ ఇంజినీరు వెర్నర్ సీమెన్స్ ఓజోన్ తయారుచేసింది ఈ తరహా పరికరంతోనే. చిక్కూ అక్కడే ఉంది. ప్లాస్మా ఒక్కటే పెడితే పీల్చినవాళ్లకి హాని చేసే ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిర్లు సగమే విరిగి మిగిలే ఆల్డిహైడ్లు బయటికొస్తాయి. దాని వెనక మాంగనీస్ ఆక్సైడ్ లాంటి ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగంగా నడిపించే పదార్థం) ఉంటే, అది ఓజోన్‌ను విడగొట్టి, ఆ ఆక్సిజన్‌తోనే మిగిలిన పని పూర్తిచేస్తుంది. వార్తలో ఉత్ప్రేరకం ఊసే లేదు. పిల్లలు బడికెళ్లే కూడలిలో ఓజోన్ వదిలే పెట్టె పెడతారా?

పైగా 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలోకి శ్రీకాకుళం, విజయనగరం ఎక్కింది ధూళి వల్ల. ప్లాస్మా ధూళిని మాయం చెయ్యదు. రోడ్డంచున పేరుకున్న ఇసుక ఎత్తించండి, ఇసుక లారీలకు టార్పాలిన్లు కట్టించండి.

ఆ యంత్రంతో నిజంగా పనున్నది మా వైపు. పైడిభీమవరం చుట్టూ మందుల పరిశ్రమలున్న సంగతి అందరికీ తెలిసిందే. అర్ధరాత్రి గాలి మళ్లిందంటే తియ్యటి ఘాటు ఇంట్లోకొస్తుంది, గొంతు గీరుకుపోతుంది. "కంపు వదిలీసినారు, తలుపులేసీండి" అని పక్కింటి ముసలమ్మ వీధంతా వినబడేలా కేకేస్తుంది. ఉక్కపోతలో కిటికీలు బిగించుకుని పడుకుంటాం. తనిఖీకి మాత్రం మిట్టమధ్యాహ్నం వస్తారు, వాసన లేదని రాసుకుని వెళ్లిపోతారు. రాత్రి వచ్చే కంపుకి పగలు తనిఖీ ఏమిటి? ఇదివరకు చెరువు నీళ్లు రంగు మారాయన్నప్పుడూ ఇదే తంతు. అర్జీకి రశీదు ఇవ్వడం కూడా మానేశారు.

సాల్వెంటు ఆవిరి చిక్కగా ఉండేది పరిశ్రమ గొట్టం దగ్గరే. ప్లాస్మా, ఉత్ప్రేరకం జతగా అక్కడ బిగిస్తే అర్థముంది. డైక్లోరోమీథేన్ లాంటి క్లోరిన్ సాల్వెంట్లయితే విరిగినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది, దాన్ని క్షారంతో కడిగే స్క్రబ్బర్ కూడా ఉండి తీరాలి. గాలిలో కలిశాక ఊరంతా పట్టి శుద్ధి చేస్తామంటే ఏ యంత్రానికీ సాధ్యం కాదు.

కాలుష్య నియంత్రణ అధికారులు ముందు రాత్రి పూట వచ్చి కొలతలు తియ్యాలి. ఏ గొట్టం నుంచి ఏ ఆవిరి ఎంత వస్తోందో పంచాయతీ నోటీసు బోర్డుకి అంటించాలి. యంత్రం పెడితే దాని నుంచి వచ్చే ఓజోన్ లెక్క కూడా ఆ పక్కనే ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా